ఆదివారం షెడ్డు దగ్గర కలుద్దాం, ఫ్రేమ్ సంగతి తేల్చాలి

అందరికీ నమస్కారం.

ఈ ఆదివారం సాయంత్రం 4 గంటలకు బరంపురం షెడ్డు దగ్గర మీటింగ్. విషయం ఒక్కటే: పాత యమహా వైఎఫ్‌జెడ్450ఆర్ క్వాడ్ (నాలుగు చక్రాల రేసు బండి) కొందామా, సొంతంగా ఫ్రేమ్ కట్టించి బైక్ ఇంజిన్ పెడదామా?

"కంపెనీలు క్వాడ్ రేసుల్లోకి మళ్లీ వస్తాయిలే" అంటున్నారు కొందరు. నాకైతే నమ్మకం లేదు. హోండా టీఆర్ఎక్స్450ఆర్, సుజుకీ ఎల్‌టీ-ఆర్450, కవాసాకి కేఎఫ్ఎక్స్450ఆర్ క్వాడ్‌ల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. 2025 నుంచి డకార్ ఎడారి ర్యాలీలో క్వాడ్ క్లాసే లేదు. ఇక ఫ్యాక్టరీ డబ్బు ఎవరు పెడతారు?

అమెరికాలో ఇది పాత కథే. 1989తో హోండా టీఆర్ఎక్స్250ఆర్ ఆగిపోతే, బిల్డర్లు సొంత ఫ్రేములు చేసి దాన్ని బతికించారు. తర్వాత సీఆర్ఎఫ్450ఆర్ మోటోక్రాస్ బైక్ ఇంజిన్‌ను క్వాడ్‌లో దించారు. చిక్కంతా ఫ్రేమ్ దగ్గరే. ఎ-ఆర్మ్ (ముందు చక్రాన్ని ఫ్రేమ్‌కు కలిపే చెయ్యి) బ్రాకెట్ వెల్డింగ్ పక్కన వెంట్రుకంత పగులు ఉన్నా జంప్ చేయకూడదు. పైన పెయింట్ కొట్టేస్తే అదీ కనపడదు. అందుకే ఫ్రేమ్‌కు ఇప్పుడే రంగు వద్దు.

పర్లాకిమిడి అన్నలు వెల్డర్‌ను వెంట తీసుకురండి.
ఇచ్ఛాపురం తమ్ముళ్లు టేపు, వెర్నియర్ తేవాలి.
బండ్లు ట్రాలీ మీదే రావాలి. రిజిస్ట్రేషన్ లేదు, రోడ్డెక్కించొద్దు.

వచ్చేదీ రానిదీ శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే చెప్పండి, టీ, పునుగుల లెక్క చూసుకోవాలి.

మళ్లీ చెప్తున్నా: హెల్మెట్ లేకపోతే టెస్ట్ రైడ్ లేదు, ఎంత బతిమాలినా సరే.