బఫెలో లాండ్రీలో నురగ తుడిచిన తాతగారికి

తాతగారూ, ఆరోజు మీ పేరు అడగలేదు. అడిగే స్థితిలో లేను.

జనవరి. ఎమ్మెస్‌కని అమెరికాలోని బఫెలో ఊరికి వచ్చి తొమ్మిది రోజులు. ఈరీ సరస్సు పుణ్యమా అని బయట మోకాళ్ల దాకా మంచు. విడిచిన బట్టలు మూటకట్టుకుని వీధి చివరి లాండ్రీకి వచ్చాను. బట్టల సబ్బు లేదు, గిన్నెలు తోమే లిక్విడ్ ఉంది. ఏ సబ్బయితేనేం అని మిషన్లో అరకప్పు పోశాను. (ఇంట్లో ఏనాడైనా బట్టలుతికిన మొహమైతే కదా!) పావుగంటకల్లా మూత సందుల్లోంచి నురగ, పొయ్యి మీద పాలు పొంగినట్టు పొంగి నేలంతా పరుచుకుంది. అందరూ కాళ్లు పైకి లాక్కున్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

మీరు పేపర్ మడిచి పక్కన పెట్టి, మాప్ తెచ్చి తుడిచారు. తర్వాత పక్క కొట్లోంచి వెనిగర్ సీసా తెచ్చి మిషన్లో పోస్తే నురగ అణిగింది. మళ్లీ తిప్పుదామంటే నా దగ్గర చిల్లర లేదు, ఆ మిషనేమో క్వార్టర్లు, అంటే పావు డాలర్ బిళ్లలు తప్ప మింగదు. మీ కోటు జేబులోంచి నారింజ రంగు మందుల డబ్బా బయటికొచ్చింది. మాత్రలనుకున్నా, నిండా క్వార్టర్లే! పది లెక్కపెట్టి నా అరచేతిలో పోసి, మళ్లీ పేపర్ విప్పుకున్నారు. ఒక్క మాట అనలేదు.

చాలా థాంక్సండీ. తర్వాత మూడు ఆదివారాలు రెండున్నర డాలర్లు పట్టుకుని వచ్చాను, మీరు కనిపించలేదు. అమ్మ పంపిన సున్నుండలు నాలుగు మీకని దాచి, చివరికి నేనే తినేశాను. దానికి మాత్రం క్షమించాలి.