మా బన్నీని దారిలో పెట్టినవారికి కృతజ్ఞతలు

అమలాపురంలో మా వీధివాళ్లకీ, పశువుల ఆసుపత్రి కాంపౌండర్ గారికీ, పొద్దున్నే పాలు పోసే బాబాయి గారికీ పేరుపేరునా దణ్ణాలండీ. నాలుగు కిలోల మా పామరేనియన్ ఇప్పుడు గేటు చప్పుడైతే అరిచి మీదికెగరకుండా చాప మీదికెళ్లి కూర్చుంటోంది. చిన్న కుక్కలున్న ఇళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాం.

వెల్లకిలా పడేసి అణచాలి, మెడ పట్టి ఊపాలి అన్న సలహాలను కొట్టిపారేసింది కాంపౌండర్ గారే. కుక్క మీద మందనాయకుడిలా పెత్తనం చూపాలనే ఆ ‘ఆల్ఫా’ గొడవకు మూలం 1947లో షెంకెల్ అనే పరిశోధకుడు బంధించి ఉంచిన తోడేళ్లను చూసి రాసిన వ్యాసం. సంబంధం లేనివాటిని ఒకచోట కుక్కితే కొట్లాడుకోక ఏం చేస్తాయి? అడవిలో తోడేళ్ల మందంటే మామూలుగా అమ్మా నాన్నా పిల్లలేనని 1999లో తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్ రాశాడు. అణిస్తే కుక్క భయపడుతుంది, భయపడ్డ కుక్క కరుస్తుంది.

బాబాయి గారి ఓపికకి ఏమిచ్చినా తక్కువే. బన్నీ మీదికి ఎగిరితే క్యాను కింద పెట్టి, చేతులు కట్టుకుని పక్కకి తిరిగి నిలబడేవారు. చూడరు, మాట్లాడరు, తోయరు. తోస్తే అదీ ఆటే దానికి. నాలుగు కాళ్లూ నేలకానిన వెంటనే ముక్క పడాలి: ఉప్పూ మసాలా లేకుండా ఉడికించిన కోడిమాంసం, శనగగింజంత. ఆలస్యమైతే దేనికిచ్చామో దానికి తెలియదు. మొదట్లో అరుపులు తగ్గకపోగా పెరుగుతాయి. ఇన్నాళ్లూ పనిచేసిన అరుపు పనిచేయట్లేదని గొంతు పెంచుతుంది. సరిగ్గా అప్పుడే విసుగొచ్చి చంకనెత్తుకుంటే, ఇంకా గట్టిగా అరవమని నేర్పినట్టే.

ల్యాబ్రడార్ గుర్రుమంటే అందరూ జాగ్రత్తపడతారు, పామరేనియన్ గుర్రుమంటే నవ్వుతారు. చిక్కంతా అక్కడే. ఒళ్లో కూర్చుని గుర్రుమంటే తిట్టకుండా నెమ్మదిగా లేస్తే అదే దిగుతుంది. గుర్రుమన్నందుకు కొడితే ఆ హెచ్చరిక మానేసి నేరుగా కరుస్తుంది. ముట్టుకున్నప్పుడల్లా గుర్రుమంటే మాత్రం మోకాలిచిప్పలూ పళ్లూ డాక్టరుకి చూపించండి.

చాప పాఠం పక్కింటి పిన్నిగారిది. గేటుకి ఆరడుగుల దూరంలో చాప వేసి, దానిమీద కూర్చుంటే ముక్క. అది కుదిరాక గేటు మీద ఒక్క తట్టు, ఆ తర్వాత గడియ చప్పుడు, చివరికి మనిషి. రెండు మెట్లు ఒకేసారి ఎక్కిస్తే పాడవుతుంది. లేచి పరిగెడితే వెనకటి మెట్టుకే రావాలి. అత్తయ్యగారు కంచంలోంచి ముద్ద పెట్టడం మానేశారు, అదీ పెద్ద సాయమే. కూరలో ఉల్లిపాయ కుక్కకు విషం.

కాలువగట్టు మీద నడకకి మెడపట్టీ వద్దు, ఛాతీకి తగిలించే హార్నెస్ కావాలి. ఈ జాతికి గొంతుగొట్టం సున్నితం, లాగితే దగ్గు. వీధికుక్కలు ఎదురైతే తాడు బిగించకుండా చుట్టు తిరిగి పొండి. ఎండాకాలం తారురోడ్డుకి చెయ్యి ఏడు సెకన్లు ఆన్చలేకపోతే నడిపించకండి.

కనుమకి ప్రభలు, బాణసంచా మొదలవకముందే చాపని లోపలి గదిలోకి మార్చి, అన్నం అక్కడే పెట్టడం అలవాటు చేయాలి. రెండో వీధివారు ఇచ్చిన చిన్న సైజు హార్నెస్ ఉతికి ఉంచాం. బన్నీకి కొత్తది కొన్నాం కాబట్టి, కుక్కపిల్లని తెచ్చుకున్నవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, ఇంటికి పంపిస్తాం.