641తో భాగించి చూడనివ్వండి

సంపాదకులకు,

డిసెంబరు 22న, జాతీయ గణిత దినోత్సవం నాడు, బడుల్లో ఏటా రామానుజన్ సంఖ్య 1729 గురించే చెబుతున్నారు. చెప్పాల్సిందే. దాని పక్కన 4,29,49,67,297 కూడా బోర్డు మీద రాయమని గణితం చెప్పే తోటి ఉపాధ్యాయులను కోరుతున్నాను.

రెండు 32వ ఘాతానికి (2³²) ఒకటి కలిపితే ఈ సంఖ్య వస్తుంది. 32 బదులు 1, 2, 4, 8, 16 పెడితే ఇదే వరసలో ముందు వచ్చే 3, 5, 17, 257, 65,537 అన్నీ ప్రధాన సంఖ్యలే. కనుక ఇదీ ప్రధాన సంఖ్యేనని 17వ శతాబ్దంలో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా నమ్మాడు. అంత గొప్పవాడి నమ్మకం 1732లో స్విస్ గణితజ్ఞుడు ఆయిలర్ చేసిన ఒక్క భాగహారంతో పోయింది. 641తో భాగిస్తే 67,00,417 వస్తుంది, శేషం సున్నా.

నాకు మరీ ఇష్టమైనది దీని నిరూపణ. పదో తరగతిలో వాస్తవ సంఖ్యల పాఠం చెప్పాక ఎప్పుడూ ఇది చేయించేదాన్ని. 641 అంటే 640+1, అలాగే 625+16. 640ని 641తో భాగించినప్పుడు శేషాన్ని −1గా తీసుకోవచ్చు, కాబట్టి 640⁴కు శేషం 1. కానీ 640 అంటే 5×2⁷, కనుక 640⁴ అంటే 625×2²⁸. 625+16 = 641 కనుక 625 బదులు −16 పెట్టండి: −2³²కు శేషం 1. అంటే 2³²+1కి శేషం సున్నా! కాలిక్యులేటరు అక్కర్లేదు. మార్కులు తక్కువ వచ్చే పిల్లలు కూడా ఆ చివరి వరుస దగ్గర లేచి నిలబడేవారు.

అయిదు ఉదాహరణలు సరిపోయినా ఆరోది తప్పవచ్చని పిల్లలు తమ చేత్తో లెక్క చేసి తెలుసుకోవాలి. ఈసారి గణిత దినోత్సవాన ఉపన్యాసాలు కాస్త తగ్గించి, ఒక పీరియడు దీనికి ఇవ్వండి.

— విశ్రాంత గణిత ఉపాధ్యాయిని, తెనాలి