"అక్కడ బాత్రూం ఉందా?": తెలంగాణ పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మాది హైదరాబాద్‌లో ఎల్బీనగర్ దగ్గర ఒక కాలనీ. ఇంట్లో చిన్న కారు ఉంది. నెలకో ఆదివారం అమ్మను, మా అమ్మాయిని ఎక్కించుకుని తెల్లవారగానే బయలుదేరి, ఏదో ఒక చోటు చూసి, రాత్రి పడుకునే వేళకు ఇల్లు చేరతాం. బండి నేనే నడుపుతాను. ఈ ఉత్తరం ఆ ఆదివారాల గురించే.

ఈ అలవాటు మాకు విశాఖపట్నంలో అయింది. మావారి ఉద్యోగం వల్ల అక్కడ ఎనిమిదేళ్లు ఉన్నాం. సముద్రం ఒడ్డున ఎండ దండిగా కాసే ఊరు, అయినా ఆదివారం వస్తే ఇంట్లో కాలు నిలవదు. ఒక వారం బీచ్ రోడ్డు పట్టుకుని తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు చూసుకుంటూ భీమిలి దాకా వెళ్లేవాళ్లం. ఇంకో వారం చీకటితోనే లేచి, శృంగవరపుకోట మీదుగా ఘాట్ రోడ్డెక్కి బొర్రా గుహలకు. ఆ గుహల్లోంచి పారే గోస్తనీ నదే భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుందని మా అమ్మాయికి ఆ ప్రయాణాల్లోనే తెలిసింది. అప్పుడు నాలుగో తరగతి. ఇసుకలో నిలబడి, "మొన్న కొండ మీద చూసిన నీళ్లేనా ఇవి?" అని అడిగింది. ఆ ప్రశ్న నాకిప్పటికీ గుర్తే.

హైదరాబాద్ వచ్చాక అదే పిల్ల, మూసీ ఎక్కడ పుడుతుందని అడిగింది. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో అని చెప్పాను. గోస్తనీ పుట్టేది కూడా అనంతగిరి కొండల్లోనే. ఆ అనంతగిరి తూర్పు కనుమల్లో ఉంది, ఇది వేరు. రెండు నదులకూ పుట్టిల్లు ఒకే పేరని ఎంత సంబరపడిందో చెప్పలేను. ఆ ఆదివారమే చేవెళ్ల రోడ్డు మీద మర్రిచెట్ల నీడలో నడుపుకుంటూ అనంతగిరికి వెళ్లాం.

అప్పట్నుంచి ఎన్ని చూశామో! భువనగిరిలో ఒకే బండరాయి మీద నిలిచిన కోట. పోచంపల్లిలో మగ్గాల చప్పుడు, 1951 ఏప్రిల్ 18న భూమిలేని పేదల కోసం వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు ఇచ్చిన నేల. మెదక్‌లో 1924లో పూర్తయిన చర్చి, రంగు అద్దాల్లోంచి లోపలికి వాలే ఎండ. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి. రామప్పకైతే 200 కిలోమీటర్లకు పైనే, తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరాం. 1213లో కట్టిన గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కిన గుడి. నల్లరాతి మదనికల (అందగత్తెల శిల్పాల) ముందు అమ్మ చాలాసేపు కదల్లేదు. అంతదూరం కూర్చున్నందుకు మోకాళ్లు ఎంత నొప్పి పెట్టినా ఆ మాట ఎత్తలేదు.

మంత్రి గారూ, ఇన్ని చోట్లున్న రాష్ట్రం మనది. వీటిలో చాలావాటికి హైదరాబాద్ నుంచి పొద్దున వెళ్లి రాత్రికి రావచ్చు. కానీ ఎక్కడికి పోదామన్నా మా అమ్మ అడిగే మొదటి మాట ఒకటే: "అక్కడ బాత్రూం ఉందా?"

అమ్మకు డెబ్బై దాటాయి. షుగర్ ఉంది. గంటన్నరకోసారి వెళ్లక తప్పదు. అందుకని ప్రయాణం ఉన్న రోజు పొద్దున టీ మానేస్తుంది. నీళ్లు గొంతు తడుపుకునే మందమే. షుగర్ మనిషి ఎండలో నీళ్లు తాగకుండా తిరగడం ఎంత ప్రమాదమో డాక్టర్ చెప్పారు, నేనూ చెప్పాను. వినదు. తొమ్మిదో తరగతికి వచ్చిన మా అమ్మాయి కూడా ఇప్పుడు అమ్మమ్మను చూసి అదే నేర్చుకుంది. సీసా నిండా నీళ్లు పెడితే సాయంత్రం నిండుగానే తిరిగొస్తుంది. నెలసరి రోజులైతే రానని ముందే చెప్పేస్తుంది. నాకు తెలిసిన ఆడవాళ్లలో ఇలా దాహం చంపుకుని ఊళ్లు చూసేవాళ్లే ఎక్కువ. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి మందులు మింగాక మళ్లీ ఎవరూ ఆ చోటు పేరెత్తరు.

పోయిన ఏడాది జరిగింది ఒకటి చెప్తాను. ఒక పాత కోటకు వెళ్లాం. దాని పేరు రాయను, ఒక్క చోటును వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. టికెట్ కొన్నాం. మరుగుదొడ్డి కట్టి ఉంది, టైల్స్ కూడా వేశారు, తలుపుకు తాళం ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో టికెట్ ఇచ్చిన అబ్బాయికి తెలియదు. అమ్మ చెయ్యి వణుకుతోంది. కారు తిప్పుకుని ఊళ్లోకి వెళ్లి, అరుగు మీద బియ్యం చెరుగుతున్న ఒకావిడను అడిగాను. "గింత దానికి అడుగుడెందుకు బిడ్డా, లోపలికి తోల్కరా అమ్మను" అంది. బకెట్ నిండా నీళ్లు పట్టిచ్చింది, తర్వాత మజ్జిగ ఇచ్చింది. ఆమె మంచితనానికి దండం పెట్టాను. అమ్మ మాత్రం తిరుగు ప్రయాణంలో ఒక్క మాట మాట్లాడలేదు. తెలియని ఇంట్లో చెయ్యి చాచాల్సి వచ్చిందని ఆమెకు సిగ్గు. ఆ సిగ్గు ఆమె పడాల్సింది కాదు.

2025లో ప్రభుత్వం కొత్త పర్యాటక విధానం తెచ్చింది. రిసార్టులు, పెట్టుబడులు రావాలి, కాదనను. కానీ మాలాంటి వాళ్లం గది తీసుకోం, కాబట్టి హోటళ్ల లెక్కల్లో కనబడం. అయినా పోచంపల్లిలో చీర కొంటాం, దారిలో సీతాఫలాల బుట్ట కొంటాం, చిన్న హోటల్లో భోంచేస్తాం. ఆ డబ్బు నేరుగా ఊరి మనుషుల చేతికి పోతుంది. మేం ఇంకో రెండు గంటలు అక్కడే ఉండాలంటే పెద్ద కట్టడాలేం అక్కర్లేదు. తాళం వేయని తలుపు, కుళాయిలో నీళ్లు ఉంటే చాలు.

విశాఖలో అంతా బాగుందని నేను చెప్పను. అక్కడా ఇబ్బందులు పడ్డాం. కానీ అక్కడి రుషికొండ బీచ్ సంగతి మీరు తెప్పించుకుని చూడాలి. 2020లో దానికి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, శుభ్రంగా, సురక్షితంగా ఉన్న బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు అది. ఆ జెండా ఎగరాలంటే సముద్రం నీళ్లు బాగుంటే సరిపోదు, మరుగుదొడ్లు కూడా శుభ్రంగా ఉండాలి. 2025లో నిర్వహణ సరిగా లేదని ఆ జెండా కొన్నాళ్లు పోయింది, సరిచేసుకున్నాకే తిరిగొచ్చింది. నాకు నచ్చింది సరిగ్గా అదే. ఇచ్చిన గుర్తింపును వెనక్కి తీసుకోగలగాలి. మన దగ్గర ప్రారంభోత్సవం రోజు రిబ్బన్ కత్తిరిస్తాం, ఆ తర్వాత అడిగేవాళ్లుండరు. మన కోటలకు, గుళ్లకు, చెరువు గట్లకు మనమే అలాంటి గుర్తు ఒకటి పెట్టుకోవచ్చు కదా? గేటు దగ్గర బోర్డు మీద చివరిసారి తనిఖీ చేసిన తేదీ, ఫోన్ నంబరు రాసి ఉంచితే చాలు. తేదీ పాతబడితే వచ్చినవాళ్లకే తెలిసిపోతుంది.

చూసుకునే మనిషి లేకపోవడమే అసలు సమస్య, కట్టడం కాదు. 2024లో మహిళా సంఘాలే నడిపే ఇందిరా మహిళా శక్తి క్యాంటీన్లు మొదలుపెట్టారు. ఒక్కో చోట ఆ ఊరి మహిళా సంఘానికి టీ, టిఫిన్ క్యాంటీన్‌తో పాటు మరుగుదొడ్డి నిర్వహణ కూడా కలిపి అప్పగించండి. కడిగే మనిషికి నెల జీతం సరిగ్గా, సమయానికి ఇవ్వండి. మనిషికి పది రూపాయలు తీసుకున్నా మేం సంతోషంగా ఇస్తాం. మోకాళ్లు వంగని పెద్దవాళ్ల కోసం ఒక్కటైనా వెస్టర్న్ కమోడ్, పక్కన పట్టుకోవడానికి ఒక కడ్డీ, అమ్మాయిల కోసం మూత ఉన్న చెత్తడబ్బా మర్చిపోకండి. ఈ చోట్లలో కొన్ని పురావస్తు శాఖవి, కొన్ని దేవాదాయ శాఖవి, కొన్ని అటవీ శాఖవి అని నాకు తెలుసు. ఆ శాఖలన్నిటినీ ఒక దగ్గర కూర్చోబెట్టగలిగింది మీరే.

దారిలో పెట్రోల్ బంకుల సంగతి కూడా. గాలి, తాగునీళ్లు, మరుగుదొడ్డి ఉచితంగా ఇవ్వాలన్న నిబంధన ఉంది. గాలి దొరుకుతోంది. మిగతా రెండూ అడిగితే కొన్నిచోట్ల మొహం చిట్లిస్తున్నారు. దయచేసి పౌర సరఫరాల అధికారులతో మాట్లాడండి.

మూసీ పుట్టిన చోటు మా అమ్మాయి చూసింది. కలిసే చోటు ఇంకా చూడలేదు. నల్గొండ జిల్లా వాడపల్లిలో మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. వచ్చే కార్తీకంలో అక్కడ సంగమంలో స్నానం చేసి, అగస్త్యేశ్వరుడికి దీపం పెట్టాలని అమ్మ కోరిక. పులిహోర కట్టుకెళ్లి, ఏ చెట్టు కిందైనా వనభోజనం చేసుకుని చీకటి పడకముందే తిరిగి రావాలని అనుకుంటున్నాం. బయలుదేరే ముందు రోజు రాత్రి అమ్మ ఎప్పటిలాగే ఆ మాట అడుగుతుంది. అప్పుడు నేనేం చెప్పాలో మీ శాఖ నుంచి ఒక జవాబు రాయించండి.

ఇట్లు,
మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
ఎల్బీనగర్ నుంచి ఒక గృహిణి