డెక్కు మీద పుట్టీ పూస్తే కారడం ఆగదు

సంపాదకులకు,

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డున ఉండే ఈ రెండు నెలలే మరమ్మతులకు అదను. 2004 సునామీ తర్వాత సాయంగా అందిన ఫైబర్ బోట్లలో ఇంకా తిరుగుతున్నవాటికి ఇరవయ్యేళ్లు దాటాయి. అడుగున చిల్లు లేకపోయినా వీటిలో చాలావాటిని ఒడ్డుకు లాగాలంటే మునుపటికంటే నలుగురు ఎక్కువ కావాలి. ఆ అదనపు బరువు డెక్కు (బోటు పైతలం) కింద గదుల్లో, డెక్కు ఫైబర్ పొరల మధ్య ఉండే ప్లైవుడ్‌లో చేరిన ఉప్పునీళ్లది. పగులు కనిపించిన చోట ఎంసీల్ పూసి రంగేస్తే ఆ నీళ్లకు బయటికొచ్చే దారి కూడా మూసినట్టే.

నీరు దిగేచోటు ఒకటి, బయటపడేచోటు ఇంకొకటి. ఎక్కువసార్లు దిగేది బోల్టుల దగ్గర: తాళ్లు కట్టే కొక్కేలు, ఇంజను బిగింపు, గదుల మూతల అంచులు. అక్కణ్ణుంచి ప్లైవుడ్ పొర వెంట పాకి రెండు మూడడుగుల అవతల తేలుతుంది. వెతకడానికి ముందు స్పానర్ పిడితో డెక్కంతా తట్టాలి. గట్టిగా ఖంగుమంటే మంచిది. డబడబమంటే లోపల పొర ఊడింది, చాక్‌పీసుతో గీత గీయండి. తర్వాత గది మూతకు సైకిల్ ట్యూబు వాల్వు అమర్చి, డెక్కు మీద సబ్బునురగ రాసి, చేతిపంపుతో నాలుగైదుసార్లు గాలి కొడితే చాలు, కన్నం ఉన్నచోట బుడగలొస్తాయి. కంప్రెసర్ మాత్రం పెట్టొద్దు. కారు టైరులో ఉండే ఒత్తిడిలో ఇరవయ్యో వంతు కూడా చదరపు మీటరు డెక్కును టన్ను బరువుతో పైకి తోస్తుంది.

బోల్టు కన్నం చుట్టూ చెక్క బాగుంటే పని సులువు. 8 మి.మీ. బోల్టయితే కన్నాన్ని 14 మి.మీ.కి పెంచి, ఎండాక చిక్కటి ఎపాక్సీ జిగురుతో నింపి, మళ్లీ 8కి తొలవాలి. ఇక నీరు దిగినా చెక్కకు తగలదు. కన్నం పైఅంచును కాస్త వాలుగా చెక్కితే సీలెంటు (సందులు మూసే జిగురు) అక్కడ వాషరులా నిలుస్తుంది. ముందు బోల్టును సగమే బిగించి, సీలెంటు రబ్బరులా అయ్యాక కింది నుంచి నట్టు మాత్రమే తిప్పాలి. తల తిప్పితే సీలు తెగిపోతుంది. పాలీయురిథేన్ సీలెంటు వాడండి. సిలికాన్ పూసినచోట రేపు రెజిన్ (ఫైబర్‌ను పట్టి ఉంచే జిగురు) గానీ రంగు గానీ అంటుకోదు.

చెక్క కుళ్లితే పైపొర కోసి తీయాల్సిందే. గట్టి చెక్క తగిలేదాకా తవ్వి, మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడగాలి. ఉప్పు మిగిలితే గాలిలో తేమను లాక్కుంటూనే ఉంటుంది. ఎండిందో లేదో తెలియాలంటే రాత్రి పాలిథిన్ కాగితం పరిచి అంచులకు టేపు వేయండి. తెల్లారేసరికి కాగితం అడుగున చెమ్మ పడితే ఇంకా ఆగాలి. ఎక్కువ మరమ్మతులు చెడేది ఇక్కడే, తొందరలో.

కొత్త మెరైన్ ప్లై అంచులకు రెండుసార్లు రెజిన్ పట్టించి కూర్చోబెట్టాలి. పాత పైపొర 4 మి.మీ. మందముంటే చుట్టూ 5 సెం.మీ. ఏటవాలుగా గ్రైండర్ పట్టాలి. చదరపు మీటరుకు 450 గ్రాములుండే మ్యాట్ (గాజు పోగుల పరుపు) ఒక్కో పొర సుమారు మిల్లీమీటరు, కాబట్టి నాలుగు పొరలు. చదరపు మీటరుకు 1.8 కిలోల మ్యాట్, నాలుగు నుంచి నాలుగున్నర కిలోల పాలిస్టర్ రెజిన్ పడుతుంది. మే ఎండలో కిలో రెజిన్‌కు దాన్ని గట్టిపరిచే హార్డెనర్ 10 గ్రాములు సరిపోతుంది. అంతకు తగ్గిస్తే గట్టిపడదు, పెంచితే డబ్బాలోనే కాగిపోతుంది. అరకిలో చొప్పునే కలుపుకోండి. గట్టిపడటాన్ని వేగం చేసే కోబాల్ట్ ద్రావణం విడిగా ఇస్తే ముందు దాన్ని రెజిన్‌లో బాగా కలిపాకే హార్డెనర్ పోయాలి; ఆ రెండూ నేరుగా కలిస్తే పేలుతాయి. ఎపాక్సీతో చేసినచోట పాలిస్టర్ వేయొద్దు, సరిగా పట్టదు.

గదిలోని థర్మాకోల్ నీళ్లు పీల్చి ఉంటే ఆరబెట్టి లాభం లేదు, మార్చాలి. కొత్త దిమ్మల్ని పాలిథిన్‌లో చుట్టిపెట్టండి. పాలిస్టర్ రెజిన్ బొట్టు పడితే థర్మాకోల్ కరిగి గుంట పడుతుంది. బోటును మునగకుండా కాపాడేది ఆ దిమ్మలే మరి.

రెజిన్‌కు ఆయుష్షు నెలల్లోనే, ఎండలో డబ్బా ఉంచితే ఇంకా తక్కువ. విడిగా డబ్బాల్లో పోసి అమ్మే దుకాణాలు తయారీ తేదీ రాసివ్వడం లేదు. మత్స్యశాఖ ఈ నిషేధకాలంలో దానిపై తనిఖీ పెట్టాలి. రేవుల్లో ఓ పాత డెక్కు ముక్క మీద ఈ పనిని ఒక్కరోజు చేసి చూపించే ఏర్పాటు కూడా చేయాలని కోరుతున్నాం.

– ఫైబర్ బోట్ల మరమ్మతుదారులు, కాకినాడ