బ్లూ స్క్రీన్ రాగానే ఫార్మాట్ ఎందుకు? ముందు ర్యామ్ చూడండి

సంపాదకులకు,

హన్మకొండ, కాజీపేటల్లో ఇంట్లోనే డెస్క్‌టాప్ బిగించుకునే విద్యార్థులు చాలామందే ఉన్నారు. పార్టులు సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ నుంచో ఆన్‌లైన్‌లోనో తెప్పించుకుంటారు. తీరా బ్లూ స్క్రీన్లు (విండోస్ ఆగిపోయి వచ్చే నీలం తెరలు) మొదలై షాపుకు పట్టుకెళ్తే అక్కడ మొదట చేసేది విండోస్ ఫార్మాట్, అంటే డిస్కు తుడిచి విండోస్ కొత్తగా ఎక్కించడం. లోపం ర్యామ్‌లో (కంప్యూటర్ పనిచేస్తూ వాడుకునే తాత్కాలిక మెమరీ) ఉంటే ఇది ఉత్త దండగే కాదు, నష్టం కూడా. కొత్త విండోస్ ఫైళ్లు డిస్కుకు చేరేది ఆ చెడ్డ ర్యామ్ మీదుగానే కాబట్టి కొన్ని పాడైపోయి చేరొచ్చు. వారం తిరక్కుండా కథ మళ్లీ మొదటికి.

బ్లూ స్క్రీన్ మీద ఇవాళ మెమరీ మేనేజ్‌మెంట్, రేపు పేజ్ ఫాల్ట్ అని రోజుకో పేరు వస్తుంటే ర్యామ్‌ను అనుమానించాలి. ఎప్పుడూ ఒకే డ్రైవర్ పేరు వస్తే అది వేరే సంగతి. పెద్ద జిప్ ఫైలు విప్పితే సీఆర్‌సీ ఎర్రర్ (ఫైలు పాడైందనే హెచ్చరిక) వచ్చి, మళ్లీ విప్పితే రాకపోవడం ఇంకో గుర్తు.

ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ ప్రోగ్రాం ఉచితమే. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాంతో బూట్ చేసి 4 పాస్‌లు (పూర్తి పరీక్ష నాలుగుసార్లు) తిరగనివ్వాలి. 32 జీబీకి రాత్రంతా పట్టొచ్చు. ఒక్క ఎర్రర్ వచ్చినా లెక్కే.

వస్తే బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లో, ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్ (ఏఎండీ బోర్డుల్లో ఎక్స్‌పో) తీసేసి మళ్లీ నడపండి. డబ్బా మీద వేగం 6000 అని ఉన్న డీడీఆర్5 ర్యామ్ ఆ ప్రొఫైల్ లేకుంటే సాధారణంగా 4800 దగ్గర, 1.1 వోల్టుతో నడుస్తుంది. 6000 అన్నది 1.35 వోల్టుల దాకా ఎక్కించి రాబట్టే ఓవర్‌క్లాక్, అంటే మామూలును మించిన వేగం. దానికి మీ ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ ఒప్పుకోవాలని లేదు. 4800లో ఎర్రర్లు ఆగితే ర్యామ్ పారేయక్కర్లేదు. బయోస్ అప్‌డేట్ చేసి 5600 పెట్టి చూడండి. వోల్టేజీ పెంచుకుంటూ పోవడం కన్నా అదే నయం. మార్చాక ఏఎండీ ఏఎం5 సాకెట్ బోర్డుల్లో కొన్ని నిమిషాలు తెర నల్లగా ఉంటుంది. అది మెమరీ ట్రెయినింగ్, అంటే బోర్డు ర్యామ్‌కు సరిపడే సెట్టింగ్స్ వెతుక్కోవడం. చచ్చిపోయిందని బంద్ చేయొద్దు.

4800లోనూ ఎర్రర్లు వస్తే ర్యామ్ స్టిక్కులు విడదీయాల్సిందే. ప్లగ్ పీకి, ఒక్క స్టిక్‌నే ప్రాసెసర్ నుంచి రెండో స్లాట్‌లో (ఏ2) క్లిప్పు టక్కుమనేదాకా నొక్కి టెస్ట్ చేయండి. తర్వాత అదే స్టిక్‌ను నాలుగో స్లాట్‌లో (బీ2). రెండో స్టిక్‌కూ ఇదే పని. ఎర్రర్ స్టిక్ వెంటే పోతే స్టిక్ చెడ్డది. ఏ స్టిక్ పెట్టినా ఒకే స్లాట్‌లో వస్తే చూడాల్సింది స్లాట్‌లోని దుమ్ము, ప్రాసెసర్ సాకెట్‌లో వంగిన పిన్ను, ఒకవైపే బిగుసుకున్న కూలర్ స్క్రూలు. ఈ మూడోది ఎవరూ చూడరు. ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా బిగిస్తే ఈ బాధ ఉండదు.

విడివిడిగా పాసై, కలిపితే తప్పేవీ ఉంటాయి. పాత 16 జీబీకి తోడు ఇంకో 16 కొన్నచోట ఇది మామూలే. మోడల్ నంబర్ ఒకటే అయినా లోపలి చిప్పులు వేరు కావచ్చు. నాలుగు స్లాట్లూ నింపితే రైజెన్ 7000 ప్రాసెసర్లకు ఏఎండీ అధికారికంగా చెప్పే వేగం 3600 మాత్రమే.

మన ఎండలనూ మరవొద్దు. రాత్రి ఏసీ గదిలో పాసైన ర్యామ్ మే నెల మధ్యాహ్నం తప్పొచ్చు. కేస్ మూత పెట్టి ఎండపూట ఇంకోసారి నడపండి.

షాపులవాళ్లు ఫార్మాట్‌కు డబ్బులు తీసుకునే ముందు మెమ్‌టెస్ట్ తెర ఫొటో కస్టమర్‌కు ఇవ్వాలి. వారంటీ అడిగేటప్పుడు అదే పనికొస్తుంది. జంటగా కొన్న కిట్‌లో ఒకటే చెడినా రెండు స్టిక్కులూ కలిపి పంపండి.

– ఒక కంప్యూటర్ హార్డ్‌వేర్ టెక్నీషియన్, హన్మకొండ