పాకే పిల్లాడున్న ఇంట్లో కార్తీక దీపం

విజయవాడ, సత్యనారాయణపురం
దీపావళికి పది రోజుల ముందు

చిట్టీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "దీపం పెడితే పిల్లాడు దాని దగ్గరే ఉంటాడు, పెట్టకపోతే అత్తయ్యగారి ముఖం చిన్నబోతుంది, నాకూ మనసొప్పదు, ఈసారి కార్తీకం మానేస్తానేమోనే" అని రాశావు. మానకు. కాకపోతే పెళ్లికి ముందు మీ అమ్మగారింట్లో చేసినట్టు చేద్దామనుకోవద్దు. ఎనిమిదో నెల బిడ్డ ఉన్న ఇల్లు ఎలా చేసుకోవాలో అలా చెయ్యి. అందులో లోటేమీ లేదని నా గట్టి నమ్మకం.

ముందు దీపం సంగతి. ఇప్పుడు పాకేవాడు ఇంకో నెలా రెండు నెలల్లో ఏదో ఒకటి పట్టుకుని నిలబడతాడు. నిలబడితే వాడి చెయ్యి దాదాపు మూడడుగుల ఎత్తుకి అందుతుంది. అంటే పీట మీదో స్టూలు మీదో పెట్టుకున్న దేవుడి మూల వాడికి అందినట్టే. గోడకి నాలుగున్నర అడుగుల ఎత్తులో ఒక చెక్క స్క్రూలతో బిగించమని మీ ఆయనకి చెప్పు. దాని మీద గుడ్డ మాత్రం పరవకు. అంచు కిందికి వేలాడిందంటే పిల్లలు ముందు దాన్నే పట్టుకుని లాగుతారు. కుందిని వెడల్పాటి పళ్లెంలో గుప్పెడు ఇసక పోసి అందులో కూర్చోబెడితే ఒరగదు. పైన ఇంకో అర ఉండకూడదు, పక్కన కిటికీ తెర ఉండకూడదు.

నూనె రెండు చెంచాలు చాలు. అంచుదాకా పోస్తే నూనె వత్తి వెంట ఊరి బయటికి కారుతుంది, ఆ కారిన నూనెకి మంట అంటుకుంటుంది. వత్తి కొస బయటికి బియ్యపు గింజంత ఉండాలి. ఎక్కువ లాగితే పొగ, గోడంతా మసి. నేతి దీపమైతే ఇంకో చిక్కుంది. కార్తీకంలో తెల్లవారుజాము చలికి నెయ్యి పేరుకుంటుంది, వత్తికి ఎక్కదు, కాసేపటికే దీపం కొండెక్కుతుంది. అది చూసి ఏదో అయిపోతుందని గుండెలు బాదుకోకు. నెయ్యి వెచ్చచేసి పోసి మళ్లీ వెలిగించు, అంతే.

వెలిగించేటప్పుడు పిల్లాణ్ని చంకన పెట్టుకోకు. నీ చేతికంటే ముందు వాడి చెయ్యి వెళ్తుంది. ఇది ఇద్దరు మనుషుల పనే. ఒకరు వెలిగిస్తే ఇంకొకరు బిడ్డను పట్టుకోవాలి. ఒక్కదానివే ఉన్న సాయంత్రం వాణ్ని కటకటాల మంచంలో కూర్చోబెట్టి, నువ్వు కనపడేటట్టు పెట్టుకుని వెలిగించు. పాలిస్టరు చున్నీ తీసేసి, కొంగు నడుముకి దోపుకో. దీపం ఉన్నంతసేపూ ఎవరో ఒకరు ఆ గదిలోనే ఉండాలి. వంటింట్లోకో ఫోనుకో వెళ్లాల్సి వస్తే కొండెక్కించి వెళ్లు, తప్పేం కాదు.

పొరపాటున చెయ్యి కాలిందనుకో, మారుమాట లేకుండా కుళాయి కింద 20 నిమిషాలు పెట్టు. మామూలు చల్లదనం చాలు, ఐసు వద్దు. టూత్‌పేస్టు, పసుపు, పిండి, సిరా ఏవీ రాయొద్దు. అవి వేడిని లోపలే పట్టి ఉంచుతాయి, పైగా డాక్టరుకి గాయం కనపడకుండా చేస్తాయి. బొబ్బ చిదపకు. ముఖమో, చేతులో, వాడి అరచేతికంటే పెద్ద మేర కాలితేనో నీళ్లు పట్టిన వెంటనే శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకెళ్లు.

ఇంత గొడవెందుకు, బ్యాటరీ దీపాలు పెట్టేస్తానన్నావు. ఆ చిన్న ప్లాస్టిక్ ప్రమిదలంటే నాకు నూనె దీపంకంటే ఎక్కువ భయం. వాటి అడుగున బొత్తంలాంటి గుండ్రటి బ్యాటరీ ఉంటుంది. మూత గోటితో తీస్తే వచ్చేస్తుంది. పిల్లాడు మింగితే అది గొంతు కింద అన్నవాహికలో ఇరుక్కుని, తడి తగిలి కరెంటు పారి, రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. మింగాడని అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించకుండా, ఏడుపు తగ్గిందిలే అని ఆగకుండా ఎక్స్‌రే తీసే ఆసుపత్రికి పరుగెత్తాలి. కొంటే మూతకి స్క్రూ ఉన్నవే కొను.

కర్పూరం కూడా అంతే. తెల్లగా పటికబెల్లంలా ఉంటుంది, నేల మీద పడితే వాడి నోట్లోకే వెళ్తుంది. కొద్దిగా మింగినా పిల్లలకి నిమిషాల్లో ఫిట్స్ రావొచ్చు. బిళ్లల డబ్బా పై అరలో, బిగుతు మూతతో ఉండాలి. హారతి పళ్లెంలో మిగిలిన ముక్కలు లెక్కపెట్టి తీసెయ్యి. వక్కలు, చిల్లర, తాంబూలంలో పెట్టే శనగలు అన్నీ గొంతుకి అడ్డం పడేవే. కుంకుమ, సింధూరం నుదుట చిన్న చుక్కకి తప్ప వాడి చేతికి ఇవ్వకు, కొన్ని రంగుల్లో సీసం ఉంటుంది. స్నానం కాగానే సాంబ్రాణి పొగ పట్టడం అత్తయ్యగారికి ఇష్టమని రాశావు. ఆ పొగ వాడి చిన్న ఊపిరితిత్తులకి మంచిది కాదు. ఆవిడకి కష్టం కలగకుండా ఒక దారుంది. సాంబ్రాణి దేవుడి దగ్గర, కిటికీలు తీసి, వాడు వేరే గదిలో ఉండగా వేయమను. ఆవిడ చేతి ధూపం దేవుడికి చేరుతుంది, పిల్లాడి తల తువ్వాలుతో ఆరుతుంది.

ఇది మర్చిపోకు చిట్టీ: ఏడాది నిండని బిడ్డ నాలుక మీద పంచామృతం పెట్టనివ్వకు. అందులో తేనె ఉంటుంది. తేనెలో ఉండే ఒకరకం క్రిములు మనకేమీ చేయవు గానీ, పసిపిల్లల పేగుల్లో పెరిగి బోటులిజం అనే జబ్బు తెస్తాయి, కండరాలు పట్టు తప్పుతాయి. గుళ్లో పూజారిగారు ప్రేమగా చెంచా చాపుతారు. "వాడికి అక్షతలు వేయండి స్వామీ, తీర్థం నేను తీసుకుంటాను" అని నీ చెయ్యి ముందు పెట్టు. ఆయనేం అనుకోరు.

ఇక సోమవారాలు. నక్షత్రాలు చూసేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టకుండా ఉంటానని మాత్రం మొక్కుకోకు. పాలిచ్చే తల్లికి రోజూ మామూలుకంటే 500 కేలరీలు అదనంగా కావాలి. ఒక్క పూట తినకపోతే పాలు వెంటనే తగ్గవు, కానీ నీళ్లు మానేస్తే నువ్వు సొమ్మసిల్లుతావు. తల తిరగడం, మూత్రం ముదురు పసుపు రంగుకి మారడం కనపడితే ఆ క్షణమే ఉపవాసం ఆపి నీళ్లు తాగి, ఏదైనా తిను. కార్తీక సోమవార వ్రతం ఆరు రకాలని పెద్దలు చెప్పేది నీకు తెలుసుగా? ఉపవాసం, ఏకభుక్తం (ఒక్క పూట భోజనం), నక్తం (పగలు ఉపవాసముండి రాత్రి తినడం), అయాచితం (అడక్కుండా ఎవరైనా పెడితేనే తినడం), స్నానం, తిలదానం. ఉండలేనివాళ్లు స్నానం చేసి జపం చేసుకున్నా వ్రతమే, నువ్వులు దానం చేసినా వ్రతమే. బాలింతలకీ ముసలివాళ్లకీ తలుపు వేసెయ్యకూడదనే కదా ఆ ఆరు దారులూ పెట్టింది! ఈ ఏడు నీది స్నానం, తిలదానం. పగలు నీరసపడకుండా మజ్జిగ, పళ్లు, పాలల్లో నానిన అటుకులు తీసుకుంటూ ఉండు. మధ్యాహ్నం ఉల్లి, వెల్లుల్లి లేకుండా పప్పన్నం తిను. అత్తయ్యగారికి ఈ ఆరు దారుల మాట నువ్వు చెప్పేకంటే ఆవిణ్నే అడుగు, "అత్తయ్యా, పాలిచ్చేవాళ్లు వీటిలో ఏది చేయాలి?" అని. అడిగితే పెద్దవాళ్లు ఎప్పుడూ కఠినమైనది చెప్పరు.

తెల్లవారుజామున 4, 5 మధ్య వాడు పాలకి ఎలాగూ లేస్తాడు. వాడు తాగి నిద్రపోగానే స్నానం చేసెయ్. వేడినీళ్లు పోసుకో, రోజూ తలస్నానం అక్కర్లేదు. తల్లి తల తడిస్తే పాల ద్వారా బిడ్డకి జలుబు చేస్తుందనే మాట నిజం కాదు గానీ, జుట్టు ఆరబెట్టుకోకపోతే వణికేది నువ్వే. ఆ తరవాత దీపం, ఐదు నిమిషాలు. అంతకంటే ఎక్కువ పెట్టుకుంటే మొదటి వారం చేసి రెండో వారం మానేస్తావు.

సాయంత్రం ఇక్కడ నవంబరులో ఐదున్నర దాటగానే చీకటి పడుతుంది. సరిగ్గా అదే పిల్లాడికి చిరాకు వేళ, అన్నం వేళ. అందుకే వాడి గిన్నెనే నైవేద్యం పెట్టు. రెండు గుప్పెళ్ల బియ్యానికి ఒక గుప్పెడు పెసరపప్పు కడిగి, నాలుగు రెట్ల నీళ్లు పోసి, కుక్కర్లో నాలుగు కూతలు రానిచ్చి, వేడి మీదే గరిటెతో మెదిపి చెంచాడు నెయ్యి వెయ్యి. ఉప్పు, పంచదార ఏడాది దాకా వద్దు. చల్లారాక మెదిపితే పలుకులు పలుకులుగా ఉండిపోతుంది, వాడు ఉమ్మేస్తాడు. ఆ గిన్నె దేవుడి ముందు ఒక్క నిమిషం పెట్టి, దణ్ణం పెట్టుకుని, వాడికి తినిపించు. ఈ వయసుకి పూటకి అర కప్పు చాలు, రోజుకి రెండు మూడు పూటలు. చక్రపొంగలి చేయలేదని దేవుడు అలగడు.

యాత్రలంటావా, పంచారామాలు ఒక్క రోజులో చూపించే బస్సు ఈ ఏడు వద్దు. అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట, అంత దూరం ఒడిలో బిడ్డతో నీ నడుము నిలవదు. మీ గుంటూరు నుంచి అమరావతి ఒక్కటి చూడండి, లేదా ఊరి పక్కనే పెదకాకాని మల్లేశ్వరుడి దగ్గరికి వెళ్లండి. సోమవారం, పౌర్ణమి కాకుండా బుధవారం పొద్దున్నే బయల్దేరండి. ఇక్కడికి వస్తే దుర్గా ఘాట్‌లో నీళ్లు నువ్వు తల మీద చల్లుకో, వాణ్ని మాత్రం కృష్ణలో ముంచకు.

ఇవన్నీ ఒక ఎత్తు, నువ్వు ఉత్తరం చివర రాసిన మాట ఒక ఎత్తు. "దేవుడి ముందు నిలబడితే ఏమీ అనిపించడం లేదే, ఎండిపోయినట్టుంది" అన్నావు. రాత్రి మూడుసార్లు లేచే తల్లికి మనసు నిలవదు చిట్టీ. అది భక్తి తగ్గడం కాదు, నిద్ర తక్కువ. నైట్ డ్యూటీ లేని రోజుల్లో మీ ఆయన్ని రాత్రి పది నుంచి రెండు దాకా పిల్లాణ్ని చూసుకోమను, నువ్వు తలుపు వేసుకుని నిద్రపో. నాలుగు గంటల నిద్ర వరసగా పడితే మనిషికి వచ్చే తేడా వేరు. కార్తీక పురాణం కథ అత్తయ్యగారినే చదవమను, రోజుకొక అధ్యాయం. నువ్వు పక్కన కూర్చుని పాలిస్తూ విను. వినడం కూడా పూజే.

అయితే ఒకటి. బిడ్డ నిద్రపోతున్నా నీకు నిద్ర పట్టకపోయినా, రెండు వారాలు దాటి ఏడుపు ఆగకపోయినా, ఏ పనీ చేయాలనిపించకపోయినా, నేనుండి లాభమేంటి అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, అది కార్తీకంతో తీరేది కాదు. పురుడు పోసుకున్న ఏడాదిలో ఇలాంటిది చాలామందికి వస్తుంది, దానికి మందూ ఉంది, మాటా ఉంది. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైను టెలీ మానస్ 14416కి చెయ్యి, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు. నాకూ చెయ్యి, అర్ధరాత్రయినా సరే.

పౌర్ణమికి 365 వత్తుల కట్ట సంగతి అడిగావు కదా. రోజూ పిల్లాడు పగటి నిద్రపోయినప్పుడు పన్నెండేసి చేసుకో. ముప్పై రోజులకి 360 అవుతాయి, మిగిలిన ఐదూ చివరి రోజు చేద్దువుగాని. పౌర్ణమి నెల మధ్యలో వస్తుంది కాబట్టి వచ్చే ఏటికి ఇప్పటినుంచీ మొదలుపెట్టినట్టు లెక్క. ఈ ఏటికి మాత్రం కొన్నదే వాడు. ముందురోజు రాత్రే నేతిలో నానబెట్టు. అది వెలిగితే మంట జానెడు లేస్తుంది కాబట్టి పెద్ద మట్టి మూకుట్లో, డాబా మీద, ఆరేసిన బట్టలకి దూరంగా పెట్టాలి. వెలిగించడం అత్తయ్యగారికి అప్పజెప్పు, పిల్లాడు తండ్రి చేతిలో, తలుపు అవతల ఉండాలి. మంట ఎక్కువైతే నీళ్లు పోయకు, మండే నెయ్యి మీద నీళ్లు పడితే ఎగజిమ్ముతుంది. పక్కనే ఒక పెద్ద స్టీలు మూత సిద్ధంగా పెట్టుకుని దాంతో మూసెయ్యి. చెక్క ఎన్ని అంగుళాలు కొట్టించారో, ఎక్కడ బిగించారో నాకు రాయి.

నీ
బుజ్జి